కంటి కొలతకు కుట్టిన నీడ

విజయవాడ బందరు రోడ్డులో పటమట దాటి, ఆటోనగర్ గేటు దగ్గర లోపలికి తిరిగితే బోర్డులు చదువుకుంటూ పోవడమే ఒక కాలక్షేపం. కమాన్ పట్టీలు, రేడియేటర్లు, సైలెన్సర్లు, క్లచ్ ప్లేట్లు, టైర్ల రీట్రేడింగ్, లారీ బాడీ బిల్డింగ్. ఏ వీధి ఏ పనికి పేరుపడిందో తెలియకపోతే మధ్యాహ్నం దాకా తిరుగుతూనే ఉంటాం. నాకు కావలసిన వస్తువు పేరు మాత్రం ఏ బోర్డు మీదా లేదు. కారు సన్ వైజర్‌కి కింద ఇంకాస్త పలక కావాలి, అంతే. అడిగిన ప్రతి చోటా "వైజర్ మొత్తం మార్చాలా మేడమ్? కంపెనీది తెప్పిస్తాం" అన్నారు. చివరికి టీ బండి దగ్గర ఒకాయన, "అలాంటి తిక్క పనులన్నీ సీటు కవర్ల భాయ్ దగ్గరికే పోతాయి" అని దారి చూపించాడు.

భాయ్‌కి అరవై దాటి ఉంటాయి. కొట్టు పెద్దదేం కాదు. గోడ వారగా రెగ్జిన్ చుట్టలు నిలబెట్టి ఉన్నాయి. రెండు కుట్టుమిషన్లు, తోలు కుట్టే దళసరి రకానివి. ఓ కుర్రాడు కింద కూచుని పొడవాటి కత్తితో ఫోమ్ ముక్కను పల్చగా చెక్కుతున్నాడు. లోపలికి అడుగుపెట్టగానే సొల్యూషన్ వాసన ముక్కుకి కొట్టింది. నేను చెప్పింది విని భాయ్ నవ్వలేదు. "మీ ఎత్తెంతమ్మా?" అన్నాడు. సరైన మనిషి దగ్గరికే వచ్చానని అప్పుడే అర్థమైంది.

నా ఎత్తు 5 అడుగులు. సీటు లివరు కొట్టి ఎంత పైకి లేపినా, నా కన్ను కారు గీసినవాళ్లు అనుకున్న చోటుకన్నా దిగువనే ఉంటుంది. వైజర్ కింది అంచు మాత్రం ఫ్యాక్టరీలో పెట్టిన చోటే ఉంటుంది. ఈ రెండింటి మధ్య మిగిలిన సందులోంచి సాయంత్రపు సూర్యుడు నేరుగా కంట్లోకి దిగుతాడు. ఆరడుగుల మా అన్నయ్య అదే కారు నడిపితే అసలు ఈ గొడవే లేదంటాడు. ఆయనకు వైజర్ వంచితే చాలు, పైగా రోడ్డు కూడా కొంత కనబడకుండా పోతుందని ఫిర్యాదు. కాబట్టి వైజర్ చాలడం చాలకపోవడం కారు మోడల్‌ని బట్టి తేలేది కాదు. బజార్లో దొరికే క్లిప్పు పలకలన్నీ "అన్ని కార్లకూ సరిపోతుంది" అని అట్టపెట్టె మీద వేసుకుంటాయి. అన్ని కార్లకూ సరిపోవచ్చు, అందరి కళ్లకూ సరిపోవు.

"కారెక్కి కూచోండమ్మా. ఫొటోకి కూచున్నట్టు కాదు. గంటన్నర బండి నడిపాక ఎలా కూచుంటారో అలా కూచోండి" అన్నాడు భాయ్. ఈ ఒక్క మాటకే ఆయనకి డబ్బులివ్వొచ్చు. బండి ఎక్కగానే నిటారుగా కూచుంటాం. నందిగామ దాటేసరికి నడుం జారి, తల రెండంగుళాలు కిందికి దిగిపోతుంది. కొలత తీయవలసింది అప్పటి కంటికి.

నేను సీట్లోకి జారబడ్డాక, భాయ్ పక్క సీట్లో మోకాళ్ల మీద కూచుని మిషన్ దారం తీశాడు. ఒక కొస నా కుడి కంటి చివర, కణత మీద వేలితో అదిమి పట్టుకున్నాడు. రెండో కొసను కుర్రాడు బయట నిలబడి, తెరిచిన కిటికీలోంచి చెయ్యి పెట్టి వైజర్ కింది అంచుకి తాకించి, బిగువుగా లాగి ముందు అద్దానికి ఆనించాడు. అది తాకిన చోట మార్కింగ్ చాక్‌పీసుతో గీత. దారాన్ని కాస్త దింపి, మట్టంగా, కంటి ఎత్తులో ఇంకో గీత. మొదటి గీతకీ రెండో గీతకీ మధ్య ఉన్న అద్దమంతా సూర్యుడికి తెరిచిన తలుపన్నమాట. తర్వాత టేపు పెట్టి కొలిచారు. కంటి నుంచి వైజర్‌కి 35 సెంటీమీటర్లు. కంటి మట్టం నుంచి వైజర్ అంచు 11 సెంటీమీటర్ల పైన ఉంది.

ఈ రెండు అంకెలు దొరికితే మిగతాదంతా లెక్కే. 35కి 11 అంటే ఆకాశంలో సుమారు 17 డిగ్రీల ఎత్తు. సూర్యుడు అంతకన్నా పైన ఉంటే వైజర్ ఆపుతుంది, కిందికి దిగాక ఆపలేదు. మన ప్రాంతంలో అస్తమయానికి ముందు సూర్యుడు గంటకి దాదాపు 14 డిగ్రీల చొప్పున దిగుతాడు. అంటే పొద్దుగూకడానికి గంటంబావు ముందే నా వైజర్ చేతులెత్తేస్తోంది. సరిగ్గా ఆ గంటంబావులోనే రోడ్డు మీద ట్రాక్టర్లు, గేదెలు, ఎదురుగా వచ్చే బైకులూ ఎక్కువ.

"మరి నా కంటి మట్టం దాకా దించేస్తే పోలా?" అన్నాను. భాయ్ తల అడ్డంగా ఊపాడు. పలకను ఎంత దింపితే రోడ్డు పైభాగం అంత పోతుంది. ఆయన ఏడున్నర సెంటీమీటర్ల దగ్గర ఆపాడు. అప్పుడు పలక అంచు కంటి మట్టానికి మూడున్నర సెంటీమీటర్ల పైన ఉంటుంది. సూర్యుడి ఎత్తులో చెబితే ఐదు డిగ్రీల పైచిలుకు. దీంతో ఇంకో 50 నిమిషాలు నీడ దొరుకుతుంది. అస్తమయానికి ముందు చివరి 25 నిమిషాలు మాత్రం ఈ పలక కూడా ఏమీ చెయ్యలేదు. ఇంకా దింపితే రోడ్డుకి అడ్డంగా పైన కట్టిన సిగ్నల్ లైట్లు, దగ్గరికి వెళ్లేసరికి పలక చాటుకి పోతాయి. నేను వేసిన లెక్క ప్రకారం ఇప్పుడున్న కొలతతోనే, సుమారు 50 మీటర్ల లోపుకి వెళ్లాక పై సిగ్నల్ కనబడదు. అందుకని కూడలి రాగానే పలకను పైకి తోసెయ్యడం అలవాటు చేసుకోవాలి. తొయ్యడానికి ఒక్క వేలు చాలాలి, స్టీరింగ్ మీంచి రెండు చేతులూ తీయవలసిన ఏర్పాటు పనికిరాదు.

కిందికి పొడిగించడం సగం పనే. రెండో సగం పక్కకి. డ్రైవరు వైజర్‌కీ పక్క సీటు వైజర్‌కీ మధ్య, లోపలి అద్దం వేలాడే చోట, ఒక సందు ఉంటుంది. ఎడమవైపు నుంచి వచ్చే ఎండకి అదే రాజమార్గం. ఏ నెలలో ఏ సందులోంచి వస్తుందన్నది రోడ్డు దిశను బట్టి ఉంటుంది. విజయవాడ నుంచి హైదరాబాద్ వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి ఊరు దాటాక కోదాడ వరకూ వాయవ్యంగా పోతుంది, సూర్యాపేట దాటాక దాదాపు పడమర ముఖం పడుతుంది. సూర్యుడేమో మార్చి మూడో వారంలో సరిగ్గా పడమట అస్తమించి, జూన్ మూడో వారానికి దాదాపు 24 డిగ్రీలు ఉత్తరానికి జరుగుతాడు. ఈ రెండూ కలిపి చూస్తే, ఏప్రిల్ రెండో వారంలో సాయంత్రం సూర్యాపేట దాటిన బండికి సూర్యుడు నుదుటికెదురుగా దిగుతాడు. జూన్ నెలంతా ఆ యోగం కోదాడ, సూర్యాపేటల మధ్య పడుతుంది. అప్పుడు కింది పొడిగింపు కావాలి. శీతాకాలంలో సూర్యుడు బాగా దక్షిణానికి జరిగి ఎడమ పక్కకి పోతాడు కాబట్టి పక్క పొడిగింపు కావాలి.

తిరుగు ప్రయాణానిది ఇంకో కథ. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి కోస్తాకి కదిలే బళ్లు చాలా తెల్లవారకముందే బయల్దేరి, పొద్దు పొడిచేసరికి సూర్యాపేట ప్రాంతానికి వస్తాయి. జనవరి రెండో వారంలో సూర్యుడు తూర్పుకి 22 డిగ్రీలు దక్షిణంగా ఉదయిస్తాడు. సూర్యాపేట నుంచి కోదాడ వైపు రోడ్డు కూడా దాదాపు అటే చూస్తుంది. ఏడాదిలో ఈ రోడ్డు మీద అత్యంత రద్దీగా ఉండే ఉదయాన, నిద్ర చాలని డ్రైవర్లకు సూర్యుడు బంపరు మీద కూచున్నట్టే. దానికి మంచు తోడు. పండగ ట్రాఫిక్ గురించి టోల్ గేట్ల క్యూలు చూపిస్తారు గానీ ఈ సంగతి ఎవరూ చెప్పరు.

కొలతలయ్యాక భాయ్ పాత పెళ్లి శుభలేఖల కట్ట తీశాడు. దళసరి శుభలేఖలంటే ఆయనకి ప్రాణం, ప్యాటర్న్‌లన్నీ వాటితోనే కత్తిరిస్తాడు. ఎవరో వధూవరుల పేర్ల మధ్య నుంచి కత్తెర నడిచింది. వైజర్ కింది అంచు వంపుకి తగ్గట్టు పైవైపు వంపు, ఎడమ పక్క అద్దం కాడకి తగలకుండా ఒక నొక్కు, మూలలన్నీ గుండ్రం. అట్టను టేపుతో వైజర్‌కి అంటించి నన్ను మళ్లీ కూచోబెట్టాడు. కుర్రాడు బయట నిలబడి సెల్‌ఫోన్ టార్చిని సూర్యుడిలా ఎత్తి పట్టుకున్నాడు. "కంట్లో పడుతోందా? ఇప్పుడు? ఇప్పుడో?" జాకెట్టుకి కొలతలిచ్చినట్టే అయింది నా పని. అట్ట మీద అంగుళం తగ్గించి, మళ్లీ పావంగుళం పెంచి, అప్పటికి తృప్తిపడ్డాడు.

పలక దేనితో చెయ్యాలన్న దగ్గర వాదన వచ్చింది. నల్లరంగు యాక్రిలిక్ అయితే అవతల కాస్త కనబడుతుంది కదా అన్నాను. భాయ్ లోపలి నుంచి పగిలిన యాక్రిలిక్ ముక్క తెచ్చి, దాని అంచు మీద నా వేలు పెట్టించాడు. చాకులా ఉంది. "బ్రేకు కొడితే తల ముందుకొచ్చేది దీని మీదికేనమ్మా." మామూలు అట్ట అయితే ఏప్రిల్ ఎండలో మూసి ఉన్న కారులో మెలితిరిగిపోతుంది, వానాకాలం చెమ్మకి మెత్తబడుతుంది. ఇనుప రేకు సంగతి ఎత్తనే వద్దు. చివరికి ఫ్లెక్సీలు అంటించే సన్ బోర్డు, 3 మిల్లీమీటర్లది ఖాయమైంది. తేలిక, వంగుతుంది, పగిలినా పెచ్చులు లేవవు. బరువు గురించి భాయ్ పట్టుదల అంతా ఇంతా కాదు. వైజర్ నిలబడేది కడ్డీ దగ్గర ఉండే బిగువు మీదే. దానికి బరువు తగిలిస్తే గుంత పడ్డప్పుడల్లా కిందికి జారి ముఖానికి అడ్డం పడుతుంది. కొన్నాళ్లకి బిగువే పోతుంది, అప్పుడు నిజంగానే కంపెనీ వైజర్ కొనాలి.

స్క్రూలు కొట్టి బిగించవచ్చా అంటే అసలే వద్దన్నాడు. వైజర్ లోపల తీగ చట్రం, ఫోమ్ ఉంటాయి. అద్దం పక్కన లైటున్న రకాల్లో కడ్డీలోంచి కరెంటు వైరు కూడా వస్తుంది. అందుకని పలకకి రెండు ఎలాస్టిక్ పట్టీలు, వాటికి వెల్క్రో. పట్టీలు వైజర్ చుట్టూ తిరుగుతాయి, పలక వాటి మధ్య పైకీ కిందికీ జారుతుంది. దానికి వెనక ఇంకో చిన్న పలక, ఒక జేబులో దూరి ఎడమకి లాగితే బయటికొస్తుంది. మధ్య సందుకి ఇది సరిపోతుంది. కొత్త కార్లలో లోపలి అద్దం వెనక కెమెరా ఉంటోంది, ఆ పలక దానికి అడ్డం రాకుండా చూసుకోవాలి.

గుడ్డ విషయంలో నేను లేత గోధుమరంగు అడిగాను, కారు లోపలి రంగుకి కలుస్తుందని. డ్రైవరు వైపు నలుపే ఉండాలన్నాడు. అది కూడా మెరిసే రెగ్జిన్ కాదు, వెలుతురుని మింగేసే ఫెల్ట్ గుడ్డ. లేత రంగు, మెరుపు ఉంటే రోడ్డు మీది కాంతి దాని మీద పడి మళ్లీ కంట్లోకే వస్తుంది. ఇదే కారణంతో ఆయనకి డ్యాష్‌బోర్డు పాలిష్ అంటే ఒళ్లు మంట. సర్వీసుకి వెళ్లిన ప్రతి కారుకీ అద్దంలా మెరిసేట్టు పులిమి పంపిస్తారు. ఆ మెరుపు ముందు అద్దంలో ప్రతిబింబించి, ఎండపూట రోడ్డు మీద ఒక తెల్లటి తెర కడుతుంది. మనం డబ్బులిచ్చి కొనుక్కునే గుడ్డితనం అది.

ముందు అద్దానికి పైన నల్ల ఫిల్మ్ పట్టీ అంటిస్తే పోతుందిగా అని అక్కడ కూచున్న ఇంకో గిరాకీ సలహా ఇచ్చాడు. ఆ దారి 2012లోనే మూసుకుంది. కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 100వది, ముందు వెనక అద్దాల్లోంచి కనీసం 70 శాతం, పక్క అద్దాల్లోంచి కనీసం 50 శాతం వెలుతురు లోపలికి రావాలంటుంది. ఆ శాతం అద్దం తయారీలోనే ఉండాలి తప్ప మీద ఫిల్ములు అంటించి సాధించడానికి వీల్లేదని 2012 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. తర్వాతి ఏళ్లలో నిబంధనల్లో కొన్ని మార్పులు వచ్చాయి గానీ, ముందు అద్దం మీద నల్ల పట్టీ వేసుకుని రోడ్డెక్కమని నేనైతే ఎవరికీ చెప్పను. వైజర్‌కి తగిలించిన పలకకి ఆ బెడద లేదు. అది అద్దాన్ని అంటదు, అక్కర తీరగానే మడిచి దాచేస్తాం.

భాయ్ మిషన్ ఎక్కాక నేను ఎదురుగా ఉన్న లారీ షెడ్డు దాకా వెళ్లొచ్చాను. ఒక లారీ ముందు అద్దం పైన, చూరులా ముందుకి పొడుచుకొచ్చిన రేకు మీద పెయింటరు పసుపు రంగులో యజమాని కొడుకుల పేర్లు రాస్తున్నాడు. పేర్ల కోసమే అనుకుంటాం గానీ ఆ రేకు అసలు పని నీడ. కార్లకీ ఒకప్పుడు ఇలాంటి బయటి చూరులు ఉండేవి, పాత అమెరికన్ కార్ల బొమ్మల్లో కనబడతాయి. బయటి నీడకి ఒక సుగుణం ఉంది. కారు లోపలి వైజర్ సూర్యుడిని కంటికి అడ్డుకుంటుంది గానీ అద్దం మీద పడకుండా ఆపలేదు. అద్దం మీద దుమ్ము, వైపరు గీతలు ఉంటే ఒక్కో రేణువూ ఒక్కో దీపమవుతుంది. బయటి చూరు అద్దానికే నీడ పడుతుంది. కారుకి చూరు కట్టలేం కనక అద్దం శుభ్రంగా ఉంచుకోవడమొక్కటే దారి. బయటివైపు అందరూ కడుగుతారు. లోపలివైపు ప్లాస్టిక్కు ఎండకి కాగి వదిలే సన్నటి జిడ్డు పొర పేరుకుంటుంది, దాన్ని తుడిచేవాళ్లు తక్కువ. లారీ డ్రైవరు ఒకతను వేలితో నా కారు అద్దం లోపల గీత గీసి చూపించాడు. వేలి గుర్తు తెల్లగా నిలిచింది.

ఇదే కంటి నీడ కోసం బోష్ కంపెనీ 2020 జనవరిలో అమెరికాలోని లాస్‌వేగాస్ ప్రదర్శనలో ఒక వైజర్ చూపించింది. పలక మొత్తం పారదర్శకమైన ఎల్‌సీడీ తెర. ఒక కెమెరా డ్రైవరు ముఖం మీద నీడ ఎక్కడ పడాలో కనిపెట్టి, కళ్లకి అడ్డుపడే గడులను మాత్రమే నల్లబరుస్తుంది. మిగతా గడుల్లోంచి రోడ్డు మామూలుగానే కనబడుతుంది. ఆలోచన ముచ్చటైనదే. ఆ కెమెరా చేసే పనినే ఇక్కడ దారం, చాక్‌పీసు, శుభలేఖ కలిసి చేస్తున్నాయి. కాకపోతే కెమెరా క్షణక్షణం కొలుస్తుంది, భాయ్ ఒక్కసారే కొలిచి నా నడుం ఎంత జారుతుందో కూడా లెక్కలో వేసుకున్నాడు.

పలక చేతికొచ్చేసరికి సాయంత్రం అయిదున్నర. ఏప్రిల్ ఎండ ఇంకా వాడిగానే ఉంది. బెంజి సర్కిల్ వైపు, అంటే పడమటికి, భాయ్‌ని పక్కన కూచోబెట్టుకుని బయల్దేరాను. పలకను పైకి తోసి ఉంచితే ముందు ఆటో వెనక ఏం రాసి ఉందో చదవలేకపోయాను. దించగానే అక్షరాలు కనబడ్డాయి. ఎడమకి లాగే చిన్న పలక మొదట కిర్రుమంది. భాయ్ జేబు అంచున కొవ్వొత్తి రుద్ది, "ఇప్పుడు లాగండి" అన్నాడు. జారింది. స్పీడ్ బ్రేకర్ మీద కావాలనే కాస్త గట్టిగా ఎక్కించమన్నాడు. వైజర్ కదల్లేదు. అప్పుడు గానీ ఆయన సీటుకి ఆనుకుని కూచోలేదు.

పక్క సీటు వైజర్‌కి కూడా ఒకటి చెయ్యమంటే ఒప్పుకోలేదు. ఆ పక్క ఎయిర్‌బ్యాగ్ డ్యాష్‌బోర్డులోంచి పైకి, అద్దం వైపు లేస్తుంది. కన్ను మూసి తెరిచేలోపు తెరుచుకునే సంచీకి ఎదురుగా ఏ పలకా ఉండకూడదు. కప్పు అంచులోంచి దిగే కర్టెన్ ఎయిర్‌బ్యాగులున్న కార్లలో పక్క కిటికీ వైపు కూడా ఏమీ వేలాడదియ్యనంటాడు. గిరాకీని కాదనే ఆ పట్టింపు నాకు ఆయన కుట్టుపని కన్నా ఎక్కువ నచ్చింది. తీసుకున్నది 300 రూపాయలు, ఎలాస్టిక్ వదులైతే ఉచితంగా మారుస్తానన్న మాట అదనం.

ఇది ఇంట్లోనే చేసుకోవచ్చు. సన్ బోర్డు ముక్క ఫ్లెక్సీ షాపులో దొరుకుతుంది, నల్ల ఫెల్ట్, వెల్క్రో ఏ టైలరింగ్ సామాన్ల కొట్లో అయినా ఉంటాయి. కొలత మాత్రం బండి నడిపి అలిసిపోయాక, ఎవరి చేతైనా దారం పట్టించి తీసుకోండి. ఆ కారుని ఇంట్లో ఇద్దరు నడిపితే పలకలు కూడా రెండు ఉండాలి. ఎంత బాగా చేసుకున్నా పొద్దు నేలకి దగ్గరైన ఆ చివరి పాతిక నిమిషాలు దాని చేతిలో లేవు. ఏప్రిల్, జూన్ నెలల్లో సాయంత్రం హైదరాబాద్ వెళ్లేవాళ్లు సూర్యాపేట దరిదాపుల్లో బండి పక్కకి ఆపి టీ తాగండి. సంక్రాంతి తెల్లవారుజామున ఇటు వచ్చేవాళ్లకీ అదే మాట.